అడిగితే చేతికొచ్చే పుస్తకం

బుఖారా నగరం. అసర్ వేళ. పుస్తకాల బజారులో ఒక దళారి చేతిలో ఓ ప్రతి పట్టుకుని, ధర కేకవేస్తూ తిరుగుతున్నాడు. ఎదురుపడిన కుర్రవాడికి దాన్ని చూపించి కొనమన్నాడు. కుర్రవాడు విసుగ్గా వద్దు పొమ్మన్నాడు. ఆ శాస్త్రం మీద అతనికి అప్పటికే విరక్తి పుట్టింది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాసిన ‘మెటాఫిజిక్స్’ గ్రంథాన్ని నలభైసార్లు చదివాడు. పాఠమంతా కంఠస్థమైంది గానీ అర్థం ఒంటబట్టలేదు. ఇక ఇది నాకు తెలిసేది కాదని వదిలేశాడు. దళారి మాత్రం వదల్లేదు. పుస్తకం యజమాని డబ్బుకు ఇబ్బందిలో ఉన్నాడు, చవగ్గా మూడు దిర్హములకే ఇస్తాను తీసుకో అని పట్టుబట్టాడు. సరేనని కొన్నాడు. తీరా చూస్తే అది, తనను అంతగా వేధించిన ఆ గ్రంథం ఉద్దేశాలేమిటో వివరిస్తూ అబూ నస్ర్ ఫారాబీ రాసిన పుస్తకం. ఇంటికి పరుగున వెళ్ళి చదివాడు. నలభైసార్లు చదివినా తెలియనిది ఒక్కసారిగా తెలిసిపోయింది. ఆ సంతోషంలో మర్నాడు పేదలకు దానధర్మాలు చేశాడు.

ఆ కుర్రవాడే ఇబ్నె సీనా. క్రీ.శ. 980లో పుట్టి, వైద్యంలో ‘అల్ ఖానూన్’ రాసి, తూర్పు పడమరల్లో కొన్ని శతాబ్దాల పాటు హకీములకూ డాక్టర్లకూ పాఠం చెప్పిన మహామేధావి. పుస్తకాల బజారు సంగతి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఇబ్నె సీనా తెలివితేటల గురించి మన పిల్లలకు చాలా చెబుతాం. ఆ దళారి గురించి ఎవరూ చెప్పరు. అతని పేరు కూడా మిగల్లేదు. నిజానికి అతనికి కావలసింది బేరం కుదరడమే కావచ్చు. అయినా ఆ సాయంత్రం అతను ఇంకో వీధిన పోయి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది.

మన ఊళ్ళలో ఆ పనినే జీతం మీద, మూడు దిర్హములు కూడా అడక్కుండా చేసే మనిషి ఒకరున్నారు. శాఖా గ్రంథాలయంలో బల్ల వెనుక కూర్చునే లైబ్రేరియన్. పేపరు చదవడానికి మనలో చాలామంది అక్కడికి వెళ్ళాం. పోటీ పరీక్షలకు మన పిల్లలు రోజూ వెళుతున్నారు. కానీ ఆయన ముందు నిలబడి, ‘అయ్యా, నన్నేం చదవమంటారు?’ అని అడిగినవాళ్ళు ఎంతమంది?

‘మీ అక్కయ్య ఏమందిరా?’

నా సంగతే చెబుతాను. కోస్తాలో ఒక చిన్న పట్నం మాది. 1980ల మొదటి సంవత్సరాలు. మసీదు వీధి చివర పాత పెంకుటింట్లో శాఖా గ్రంథాలయం ఉండేది. మా ఆపాను ఏడో తరగతి కాగానే బడి మాన్పించారు. అప్పట్లో మా వీధిలో చాలామంది ఆడపిల్లల సంగతి అంతే, అబ్బాను ఒక్కరినే తప్పుపట్టలేను. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. ఆపా బడిలో చదివింది తెలుగు. నానా గారి ట్రంకుపెట్టె నిండా ఉర్దూ పుస్తకాలుండేవి గానీ, విప్పి చదవగలిగినవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేరు. ఏటా బక్రీదుకు ముందు వాటిని ఎండలో పెట్టి, దులిపి, మళ్ళీ పెట్టెలో సర్దేవాళ్ళం. చదవడం వచ్చిన పిల్ల ఇంట్లో ఉంది, ఇంట్లో ఉన్న పుస్తకాలు ఆ పిల్ల చదవలేదు. ఇలాంటి ఇళ్ళు మన తెలుగు ముస్లింలలో ఇప్పటికీ తక్కువేమీ కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నా పేరు మీద సభ్యత్వం తీసుకున్నాం. పుస్తకం తెచ్చేది నేను, చదివేది ఆపా. మొదట చందమామలు, తర్వాత కథల పుస్తకాలు, ఆ తర్వాత అట్ట చూసి ఏది బాగుంటే అది. నెల తిరక్కుండానే లైబ్రేరియన్ గారికి అనుమానం వచ్చింది. పెద్దల నవల తీసుకెళ్ళిన నాలుగో తరగతి కుర్రాడు మర్నాటికల్లా తెచ్చి బల్ల మీద పెడితే ఎవరికైనా వస్తుంది.

“ఇది నువ్వే చదివావురా?” అన్నారు.

“లేదు సార్, ఆపా చదివింది.”

“ఏమంది?”

ఏమందో నేను అడిగితే కదా! మర్నాడు కనుక్కుని వచ్చి చెప్పాను. ఆ పుస్తకం శరత్ ‘దేవదాసు’. తాగి తాగి చచ్చిపోయినవాడి కోసం తానెందుకు ఏడవాలి అంది ఆపా. అది వినగానే ఆయన పడీపడీ నవ్వారు. లేచి వెళ్ళి వెనుక వరుసలోని బీరువా తాళం తీసి, ఇంకో పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఈసారి ఇది ఇవ్వు, ఏమందో చెప్పు అన్నారు.

అప్పటినుంచి అదే వరుస. నేను పుస్తకం బల్ల మీద పెట్టగానే ఆయన తేదీ చీటీ చూడకముందే, “మీ అక్కయ్య ఏమందిరా?” అనేవారు. నా నోట మాట సరిగ్గా రావడం లేదని ఆపా చిన్న చిన్న చీటీలు రాసి పుస్తకంలో పెట్టడం మొదలుపెట్టింది. ఆయన చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని, కాసేపు బీరువాల వంక చూసేవారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. బజారులో కూరగాయలు ఏరేవాళ్ళ చూపులా ఉండేది. ఆపాను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నాలుగేళ్ళ పాటు ఆమె ఏం చదవాలో ఎంచిపెట్టింది మాత్రం ఆయనే.

వాటిలో ఒక పుస్తకం గురించి చెప్పకుండా ఉండలేను. ‘ఏడు తరాలు’. అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’కు సహవాసి చేసిన తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణ. పశ్చిమాఫ్రికాలో గాంబియా నది ప్రాంతంలోని జఫూరె అనే పల్లె, అందులో కుంటా కింటే అనే పిల్లవాడు. అతన్ని పట్టుకుని, ఓడలో సంకెళ్ళు వేసి, అమెరికాకు తీసుకుపోయి బానిసగా అమ్ముతారు. ఆపా పది పేజీలు చదివి, వంటింట్లో ఉన్న అమ్మీ దగ్గరికి పరుగెత్తింది. ఆ పల్లెలో వాళ్ళు నమాజు చేస్తున్నారు, పిల్లలు ఖురాన్ పాఠం చదువుతున్నారు, వీళ్ళు మనవాళ్ళే అంది. అమ్మీకి ఏ లిపీ రాదు. ఆ రాత్రినుంచి ఇషా తర్వాత ఆపా తెలుగులో చదువుకుంటూ ఉర్దూలో చెప్పడం, అమ్మీ వినడం. నవలలంటే మొహం చిట్లించే అబ్బా వరండాలో అటు తిరిగి పడుకుని ఉండేవారు. మూడో రాత్రి ఆపా గొంతు నొప్పిగా ఉందని ఆపేస్తే, ‘ఓడ ఎక్కించాక ఏమైంది?’ అని అటునుంచే అడిగారు.

ఆ పుస్తకం మా ఇంటికి సరిపోతుందని ఆయనకెలా తెలిసింది? మా పేర్లు తెలుసు కాబట్టి అనుకోవచ్చు. కానీ పేరు చూసి ఇచ్చేవారైతే మొదటిరోజే ఇచ్చేవారు. రెండేళ్ళు ఆపా చీటీలు చదివాక ఇచ్చారు.

తర్వాత ఆయనకు బదిలీ అయింది. వచ్చినాయన మంచివాడే, సమయానికి తలుపు తీసేవారు, రిజిస్టరు శుభ్రంగా రాసేవారు. ముద్ర వేసి పుస్తకం ఇచ్చేవారు. ఏమీ అడిగేవారు కాదు. ఆపా రాసిన చీటీ ఒకటి ఆయన తీసి చెత్తబుట్టలో వేయడం చూశాను, పొరపాటున మిగిలిన కాగితం అనుకున్నారు. నేను మళ్ళీ అట్టలు చూసి తేవడం మొదలుపెట్టాను. వరుసగా మూడు నాలుగు పుస్తకాలు ఆపాకు నచ్చలేదు. వారానికి రెండు వెళ్ళినది నెలకు ఒకటైంది, తర్వాత అదీ లేదు. ఆ మరుసటి సంవత్సరం పెళ్ళయింది.

ఒక్క పాఠకురాలు, ఒక్క పుస్తకం

లైబ్రేరియన్ చేసే ఈ పనికి మన దేశంలోనే ఒక శాస్త్రకారుడున్నాడు. ఎస్.ఆర్. రంగనాథన్. 1892లో తమిళనాడులోని శియాళిలో పుట్టారు. లెక్కల మాస్టారుగా ఉంటూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1931లో ఆయన ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతోంది. చదివే ప్రతి మనిషికీ తగిన పుస్తకం ఒకటి ఉంటుందనీ, ప్రతి పుస్తకానికీ తగిన మనిషి ఎక్కడో ఉంటాడనీ వాటిలో రెండు సూత్రాల సారాంశం. ఈ ఇద్దరినీ కలపడమే లైబ్రేరియన్ ఉద్యోగం. ముద్ర వేయడం, దుమ్ము దులపడం దాని తర్వాతివి.

విదేశాల్లో దీన్ని బాహాటంగా చేస్తారు. అమెరికా, బ్రిటన్ గ్రంథాలయాల్లో అరల అంచున చిన్న చిన్న అట్టముక్కలు గుచ్చి ఉంటాయి. ఆ పుస్తకం తమకు ఎందుకు నచ్చిందో సిబ్బందిలో ఒకరు రెండు మూడు వాక్యాల్లో రాసిపెడతారు. సియాటిల్ నగర గ్రంథాలయంలో పనిచేసిన నాన్సీ పెర్ల్ 1998లో ఊరందరి చేతా ఒకే నవల చదివించి, దాని మీద చర్చ పెట్టించే కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో నగరాలు ఆ పద్ధతిని అనుసరించాయి. ఆమెకు ఎంత పేరొచ్చిందంటే, పెదవుల మీద వేలు పెట్టి ‘ష్’ అనే ఆమె బొమ్మను పిల్లల ఆటబొమ్మగా అమ్మారు. పుస్తకాలు చెప్పే మనిషికి అక్కడ ఆ గౌరవం.

తెలుగులో ఈ పని పత్రికల ద్వారా చేసినవారిలో మాలతీ చందూర్ (1930-2013) ముందుంటారు. ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షిక కింద ప్రపంచ భాషల నవలలను ఇంటి ఇల్లాలికి అర్థమయ్యేలా ఏళ్ళ తరబడి పరిచయం చేశారు. మా ఇంటావిడ ఆ పేజీలు చించి దాచుకునేది. అయితే పత్రిక లక్షమందికి ఒకే పుస్తకం చెబుతుంది. లైబ్రేరియన్ ఒక్కరికి ఒక్కటి చెబుతాడు.

హార్లెంలో ఒక జాబితా

ఇక్కడ అమెరికాదే ఇంకో లైబ్రేరియన్ కథ చెప్పాలి. మన పిల్లలతో దానికి దగ్గర సంబంధం ఉంది.

ఆగస్టా బేకర్ అనే నల్లజాతి యువతి 1937లో న్యూయార్క్ నగరం హార్లెం ప్రాంతంలోని 135వ వీధి శాఖా గ్రంథాలయంలో పిల్లల విభాగంలో చేరింది. చుట్టుపక్కల అంతా నల్లజాతి కుటుంబాలే. పిల్లలు పుస్తకాలు అడుగుతారు. ఆమె అరలు వెతుకుతుంది. నల్లవాళ్ళు ఉన్న పుస్తకాలు లేకపోలేదు, కానీ వాటిలో వాళ్ళు నవ్వులపాలు కావడానికే ఉన్నారు. బొమ్మల్లో పెదవులు, కళ్ళు వికారంగా వేశారు. మాటలు వంకరగా రాశారు. పనివాళ్ళుగా, విదూషకులుగా తప్ప కనిపించరు. ఆ పిల్లల చేతికి వాటిని ఎలా ఇవ్వడం?

ఆమె పద్ధతిగా పని మొదలుపెట్టింది. భాష ఎలా ఉంది, బొమ్మలు ఎలా ఉన్నాయి, కథలో ఆ మనుషులకు మర్యాద ఉందా లేదా అని ఒక్కొక్క పుస్తకాన్నీ పరీక్షించింది. నిలిచినవాటిని వేరుగా ఒక అరలో చేర్చింది. ఆ అర చిన్నదే. దాన్నుంచి ఒక జాబితా తయారైంది. 1940లలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దాన్ని అచ్చువేసింది. తర్వాత దశాబ్దాల పాటు సవరిస్తూ మళ్ళీ మళ్ళీ వేశారు. జాబితాలో ఖాళీలు ఉన్నచోట ఆమె ప్రచురణకర్తలతో, రచయితలతో మాట్లాడింది, ఇలాంటి పుస్తకాలు కావాలని అడిగింది. 1961లో ఆమె ఆ గ్రంథాలయ వ్యవస్థ మొత్తానికి పిల్లల సేవల బాధ్యురాలైంది.

మన పిల్లలకు వద్దాం. తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్న మన పాప కథల పుస్తకం తెరుస్తుంది. సంక్రాంతి ముగ్గులున్నాయి, దీపావళి మతాబులున్నాయి, బాగుంది, అవీ మన ఊరివే. కానీ సహెరీకి లేచిన ఇల్లు, ఈద్ ముందురోజు రాత్రి దర్జీ దుకాణం, గోరింటాకు చేత్తో సేమ్యా తినిపించే దాదీ అందులో లేరు. తన ఇల్లు పుస్తకాల్లో ఉండేది కాదని ఆ పాప అనుకుంటుంది. ఎవరికీ చెప్పదు, అనుకుంటుందంతే. ఉన్న పుస్తకాల సంగతి ఆ పాపకు ఎవరైనా చెప్పాలి.

మన ఇళ్ళున్న పుస్తకాలు

ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో తెలియడంలోనే చిక్కు. మన గ్రంథాలయాల్లో పుస్తకాలను సాధారణంగా డ్యూయీ దశాంశ పద్ధతిలో సర్దుతారు. అందులో ఇస్లాం మతానికి 297 సంఖ్య. మనవాళ్ళు వెళ్ళి అడిగితే ఆ అర చూపిస్తారు. అక్కడ ధార్మిక గ్రంథాలు ఉంటాయి. మన కథలు ఉండవు. అవి తెలుగు సాహిత్యంలో, రచయిత పేరు వరుసలో, వందల పుస్తకాల మధ్య ఉంటాయి. పేరు తెలియనివాడికి దొరకవు. పేరు తెలిసిన సిబ్బంది చెబితేనే దొరుకుతాయి.

అలా చెప్పదగినవి నాకు తెలిసినంతలో కొన్ని. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’తో మొదలుపెట్టమంటాను. నెల్లూరు జిల్లా ముస్లిం ఇల్లు ఒకటి, పిల్లవాడి కళ్ళతో, ఆ జిల్లా యాసలో. నవ్వుతూ చదువుతుంటే మధ్యలో గొంతు పట్టుకుంటుంది. చదవడం ఇష్టంలేని పదోతరగతి కుర్రాడికి కూడా ఇవ్వొచ్చు, ఇచ్చి చూశాను. పెద్దవాళ్ళకు స్కైబాబా సంకలనం చేసిన ‘వతన్’. వేర్వేరు రచయితలు రాసిన ముస్లిం కథలు ఒకచోట ఉన్నాయి. కొన్ని కథలు మనల్నే నిలదీస్తాయి, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ళ విషయంలో. చదివి కోపం తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. ఉండనివ్వండి. సలీం ‘కాలుతున్న పూలతోట’ ముస్లిం జీవితం మీద రాసినది కాదు, ఎయిడ్స్ బారినపడ్డ కుటుంబం మీద. 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన నవల. ముస్లిం రచయిత అంటే ముస్లింల గురించే రాయాలని ఎక్కడుంది?

చిన్నపిల్లలకు నేను వెతికేది ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గా’. హిందీ కథే అయినా ఆయన కథలు తెలుగులోకి వచ్చాయి, అడిగితే దొరుకుతాయి. నాన్నా అమ్మా లేని హమీద్ అనే పసివాడు మూడు పైసలతో ఈద్ మేళాకు వెళతాడు. తోటిపిల్లలు మట్టిబొమ్మలు, మిఠాయిలు కొంటారు. వీడు మాత్రం రొట్టెలు కాలుస్తూ వేళ్ళు కాల్చుకునే అవ్వ కోసం ఇనుప పట్టకారు కొంటాడు. రాసినవాడు హిందువు, 1930లలో రాశాడు, ఇన్నేళ్ళకూ ఆ ఈద్‌గా మన ఊరిదే అనిపిస్తుంది. మా ఆపా పోయిన రంజాన్‌లో మనవరాలికి ఇది చదివి వినిపించింది. ఆ పిల్ల వెంటనే అడిగిన ప్రశ్న: ‘మరి వాడికి మిఠాయి ఎవరిచ్చారు?’

చరిత్ర కావాలనే కుర్రవాళ్ళకు సయ్యద్ నశీర్ అహమ్మద్ పుస్తకాలు ఉన్నాయి. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్ర మీద తెలుగులో ఆయన వరుసగా రాశారు, మహిళల మీద ప్రత్యేకంగా ఒకటి. ‘అక్షర శిల్పులు’ అని తెలుగు ముస్లిం కవుల, రచయితల వివరాలు కూర్చిన పుస్తకం కూడా ఆయనదే. పిఠాపురం ఉమర్ ఆలీషా వంటి పండితుడు పద్యాలు, నాటకాలు రాసిన భాష మనది కాదని ఎవరైనా అంటే చూపించడానికి పనికొస్తుంది. ఇలాంటి పుస్తకాన్ని ఇంటికివ్వరు, రిఫరెన్స్ అరలో ఉంచుతారు. అక్కడే కూర్చుని చూసుకోవాలి.

అబ్దుల్ కలాం ఆత్మకథ అందరికీ తెలిసిందే, వాడ్రేవు చినవీరభద్రుడు ‘ఒక విజేత ఆత్మకథ’గా తెలుగు చేశారు. రాకెట్ల కోసం చదువుతారు అందరూ. నేను చూపించేది మొదటి పేజీల్లోని ఒక చిన్న సంగతి. ఆయన చిన్నతనంలో రామేశ్వరంలో పుస్తకాలు దొరికేవి కావు. మాణిక్యం అనే పాత విప్లవకారుడు తన ఇంట్లోని పుస్తకాలను ఆ పిల్లవాడికి చదువుకోమని ఇచ్చేవాడు.

మౌలానా ఆజాద్ ‘ఇండియా విన్స్ ఫ్రీడం’ చదవాలనుకునేవారు ఒక విషయం చూసుకోండి. అది 1959లో వెలువడినప్పుడు 30 పేజీలు అందులో లేవు. 30 ఏళ్ళ పాటు తెరవకూడదని ఆజాద్ కోరిన మీదట వాటిని సీలువేసి కలకత్తా జాతీయ గ్రంథాలయంలో, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో భద్రపరిచారు. 1988లో అవి కలిపి పూర్తి పుస్తకం వచ్చింది. మీ చేతికి ఏ సంవత్సరపు ముద్రణ ఇస్తున్నారో లైబ్రేరియన్‌నే అడగండి. ఇలాంటివి చెప్పడం వాళ్ళకు ఇష్టం.

ఉర్దూ మూల

అడిగితే అంతా బాగుంటుందని చెప్పి పంపిస్తే అబద్ధమవుతుంది. కొన్నేళ్ళ క్రితం మా ఇంటావిడ బురఖా వేసుకుని, పాపను వెంటబెట్టుకుని ఒక గ్రంథాలయానికి వెళ్ళింది. ఏ ఊరిదో చెప్పను. నవలలు ఎక్కడ అని అడిగింది. బల్ల దగ్గరి మనిషి తలెత్తి చూసి, ఉర్దూ పేపర్లు ఆ మూల ఉంటాయమ్మా అన్నాడు. ఆమెకు ఉర్దూ లిపి రాదు. మర్యాద తక్కువేమీ లేదు ఆయన మాటలో, కుర్చీ కూడా చూపించాడు. ఆమె ఆ మూల పది నిమిషాలు కూర్చుని లేచి వచ్చేసింది.

మళ్ళీ వెళ్ళనంది. నేనే పంపించాను. రెండోసారీ దాదాపు అదే. మూడోసారి ఆమె, ‘పాత కెరటాలు’లో మాలతీ చందూర్ చెప్పిన నవలల్లో మీ దగ్గర ఏవున్నాయి అని అడిగింది. ఆయన కుర్చీలోంచి లేచి, ‘మీరు అవి చదివేవారా? మా అమ్మ కూడా చదివేది’ అన్నాడట. ఆ రోజు రెండు పుస్తకాలు తెచ్చుకుంది, ఇప్పటికీ వెళుతోంది. వేషం చూసి పుస్తకం ఎంచడం ఆయన తప్పే. కానీ ఆమె నోరు విప్పి తన రుచి చెప్పాకే ఆయనకు ఆమె ఎవరో తెలిసింది. మూడుసార్లు వెళ్ళాల్సి రావడం న్యాయం కాదు. మూడోసారి వెళ్ళకపోతే ఏమై ఉండేదో కూడా చూడాలి.

సిబ్బంది కష్టం సిబ్బందికీ ఉంది. పోస్టులు ఖాళీగా ఉండి, ఒకే లైబ్రేరియన్ రెండు మూడు శాఖలు చూసుకుంటున్న చోట్లున్నాయి. హాలంతా పోటీ పరీక్షల పుస్తకాలతో నిండి, కథల బీరువా తాళం తీయడమే అరుదైన చోట్లూ ఉన్నాయి. తాళం తీయించాలంటే అడిగేవాళ్ళు ఉండాలి. ఇది మనమేదో ఉచితంగా పొందే మేలు కూడా కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చేరుతుంది. మసీదు వీధిలో ఇల్లున్న ప్రతివాడూ ఆ డబ్బు కడుతూనే ఉన్నాడు. చాలా స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయకపోవడం వేరే కథ, దాని గురించి ఎన్నిసార్లు పేపర్లలో రాలేదు!

అడిగే పద్ధతి

మంచి పుస్తకం ఇవ్వండి అంటే ఏ లైబ్రేరియన్ అయినా తెల్లబోతాడు. మంచి చెప్పులివ్వండి అన్నట్టుంటుంది అది. కొలత చెప్పాలి. మీరు ఆఖరున చదివి ఇష్టపడ్డ పుస్తకం ఏది? సగంలో వదిలేసింది ఏది, ఎందుకు? ఈ రెండూ చెబితే చాలు. వదిలేసినదాని పేరు చెప్పడానికి సిగ్గుపడకండి, అసలు కీలకం దానిలోనే ఉంటుంది. మా ఆపా ‘దేవదాసు’ మీద చెప్పిన ఒక్క మాట నాలుగేళ్ళ పుస్తకాలకు దారి చూపింది.

ఇంట్లో ఎవరి కోసం తీసుకెళుతున్నారో చెప్పండి. పిల్లల కోసమైతే పిల్లలనే తీసుకెళ్ళి వాళ్ళచేతే అడిగించండి. అత్తగారికైతే అక్షరాల సైజు కూడా చెప్పాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పి రండి, బాగోలేదన్నా సరే. లైబ్రేరియన్‌కు మీ గురించి తెలిసేది అక్కడే. ఆడవాళ్ళు వెళ్ళడానికి సంకోచించే ఇళ్ళలో చీటీ రాసి పంపవచ్చు, కాకపోతే అది చీటీ అని తెచ్చిన పిల్లవాడు చెప్పాలి!

అడిగిన పుస్తకం లేదంటే సలహాల పుస్తకంలో పేరు, రచయిత, ప్రచురణకర్త వివరంగా రాయండి. ‘ముస్లింల పుస్తకాలు తెప్పించాలి’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘వతన్’ అనో ‘దర్గామిట్ట కథలు’ అనో రాయండి. ఒకరు రాస్తే ఒక వరుస, వీధిలో పదిమంది రాస్తే పుస్తకాల ఎంపిక వేళ ఆ పేజీ జిల్లా గ్రంథాలయ సంస్థ ముందుకు తీసుకెళ్ళడానికి శాఖ లైబ్రేరియన్‌కు ఒక ఆధారం దొరుకుతుంది.

ఇబ్నె సీనాకు ఆ పుస్తకాల బజారు తర్వాత ఇంకో అదృష్టం కలిసొచ్చింది. బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్‌కు వైద్యం చేసినందుకు ఆయన గ్రంథాలయంలోకి ప్రవేశం దొరికింది. గది గదికీ ఒక్కో శాస్త్రం, పెట్టెల మీద పెట్టెలు. పద్దెనిమిదేళ్ళు నిండని ఆ కుర్రవాడు ముందు జాబితా చదివాడు, తర్వాత కావలసినవి పేరు పేరునా అడిగాడు. అంతటివాడికే అడగక తప్పలేదు.

ఈ పేజీ మీ చేతికొచ్చేది శుక్రవారం. మన శాఖా గ్రంథాలయాల్లో చాలావాటికి వారపు సెలవు కూడా శుక్రవారమే. జుమా నమాజు నుంచి వస్తూ అటు తిరిగితే తాళం కనిపిస్తుంది. శనివారం పొద్దున వెళ్ళండి. పాత కార్డు ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెతికి వెంట తీసుకెళ్ళండి.